సర్వర్ సాఫ్ట్‌వేర్ కొనేవారికి హెచ్చరిక: ప్రోగ్రామ్ నడిచేదాకా లైసెన్సు కీ యాక్టివేట్ చేయకండి

యూనిక్స్, లినక్స్ యంత్రాల కోసం డబ్బు చెల్లించి సర్వర్ సాఫ్ట్‌వేర్ కొనబోయేవారు నాలాగా నష్టపోకూడదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నేను కొన్న సాఫ్ట్‌వేర్ వివరాల్లో "ప్రముఖ లినక్స్ వ్యవస్థలన్నింటిపై పనిచేస్తుంది" అని ఉందే తప్ప, ఏ వెర్షన్ నుంచి పనిచేస్తుందో ఎక్కడా లేదు. నా సర్వర్‌లో ఉన్నది రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8.

అన్ని అధికారాలూ ఉండే రూట్ ఖాతాతో ఇన్‌స్టాలర్ నడపగానే "పర్మిషన్ డినైడ్" అని వచ్చింది. రూట్‌కే అనుమతి లేకపోవడమేమిటని వెతగ్గా, ఆ ఇన్‌స్టాలర్ తన ఫైళ్లను టెంప్ డైరెక్టరీలో విప్పుకుని అక్కడి నుంచే నడుస్తుందని, భద్రత కోసం ఆ డైరెక్టరీని నోఎగ్జెక్ ఆప్షన్‌తో (అక్కడి నుంచి ఏ ప్రోగ్రామూ నడవకుండా) మౌంట్ చేసినందువల్ల ఆగిపోయిందని తెలిసింది. తాత్కాలిక డైరెక్టరీని వేరే చోటికి మార్చాక ఆ అడ్డంకి తొలగింది.

అసలు నష్టం ఆ తర్వాత జరిగింది. ఇన్‌స్టాలర్ మొట్టమొదట లైసెన్సు కీ అడిగి, దాన్ని ఆ యంత్రానికి ముడివేసి, ఆ తర్వాతే ఫైళ్లను కాపీ చేసింది. చివరికి తెరపై "ఇన్‌స్టాలేషన్ సక్సెస్‌ఫుల్" అని కనిపించింది గాని, సర్వీస్ మాత్రం మొదలైన క్షణంలోనే ఆగిపోతూ వచ్చింది. లాగ్‌లో "జీలిబ్‌సీ 2.34 నాట్ ఫౌండ్" అనే వరుస ఉంది. జీలిబ్‌సీ అంటే లినక్స్‌లో దాదాపు ప్రతి ప్రోగ్రామూ ఆధారపడే మూల లైబ్రరీ. రెడ్ హ్యాట్ 8లో ఉండేది 2.28. పాత జీలిబ్‌సీతో తయారైన ప్రోగ్రామ్ కొత్తదానిపై సాధారణంగా నడుస్తుంది గాని, కొత్తదానితో తయారైనది పాతదానిపై నడుస్తుందన్న భరోసా లేదు. ఇన్‌స్టాలర్ స్క్రిప్టు తెరిచి చూస్తే ఏ దశలోనూ ఎగ్జిట్ స్టేటస్‌ను, అంటే ఆ దశ సఫలమైందో లేదో చెప్పే సంఖ్యను, పరిశీలించనే లేదు. చివరి వరుసలో ఆ సందేశాన్ని తెరపై చూపే ఒక ఎకో కమాండ్ ఉంది, అంతే. మధ్యలో ఏది విఫలమైనా ఆ విజయ సందేశం వచ్చి తీరుతుంది.

సహాయ విభాగానికి రాస్తే వచ్చిన జవాబు నన్ను నిజంగా భయపెట్టింది. కొత్త వ్యవస్థ నుంచి జీలిబ్‌సీలోని ముఖ్యమైన లిబ్‌సీ ఫైలు తెచ్చి పాతదాని స్థానంలో పెట్టమన్నారు. దయచేసి ఎవరు చెప్పినా ఆ పని చేయకండి. ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్, ఫైళ్లను కాపీ చేసే సీపీ వంటి మామూలు కమాండ్లు కూడా ఆ లైబ్రరీపైనే ఆధారపడి ఉంటాయి కాబట్టి, అది పొసగకపోతే ఫైలును వెనక్కి పెట్టడానికి కూడా కమాండ్ నడవదు. చాలావరకు రెస్క్యూ డిస్కుతో బూట్ చేయాల్సి వస్తుంది. నేను నిరాకరించి డబ్బు తిరిగి ఇమ్మంటే, కీ ఒకసారి యాక్టివేట్ అయ్యాక వాపసు కుదరదని చెప్పారు. నడవని ప్రోగ్రామ్‌కు యాక్టివేషన్ ఎలా లెక్కలోకి వస్తుందన్న ప్రశ్నకు వారి నుంచి ఇంతవరకు సమాధానం లేదు.

కొనేముందు మీ యంత్రంలో ఎల్‌డీడీ కమాండ్‌ను వెర్షన్ ఆప్షన్‌తో నడిపితే జీలిబ్‌సీ సంఖ్య తెలుస్తుంది. ప్రోగ్రామ్ ఏ సంఖ్య కోరుతుందో చూడడానికి మాత్రం, ట్రయల్ ప్యాకేజీ తీసుకుని, విడి వర్చువల్ మెషీన్‌లో ఆబ్జ్‌డంప్‌తో (ప్రోగ్రామును నడపకుండానే దాని లోపలి వివరాలు చూపే కమాండ్) పరిశీలించండి. ఎల్‌డీడీకి ఏదైనా ఫైలు ఇస్తే కొన్ని సందర్భాల్లో అది ఆ ఫైలును నడిపే ప్రమాదం ఉంది కాబట్టి, నమ్మకం లేని ఫైళ్లపై దాన్ని వాడవద్దు. కావలసిన కనీస జీలిబ్‌సీ వెర్షన్ ఎంతో, సర్వీస్ మొదలుకాకపోతే డబ్బు వాపసు ఇస్తారో లేదో రాతపూర్వకంగా అడగండి. ఆ రెండూ రాసి ఇవ్వనివారి దగ్గర కొనకండి.