అరుగుదల ఎంజైమ్ పొడి కొనేముందు ఒక్కసారి ఇది చదవండి

పాడి రైతులందరికీ నమస్కారం. గేదెలకు 'అరుగుదల ఎంజైమ్' అంటూ ఇంటింటికీ తిరిగి ఒకతను పొడి అమ్ముతున్నాడు. నేను కొని మోసపోయాను, మీరు జాగ్రత్త.

మాది తెనాలి పక్క పల్లె. నాలుగు గేదెలు పాలిస్తున్నాయి. పచ్చిమేత తక్కువ, వరిగడ్డే ఆధారం. "గడ్డి మొత్తం అరుగుతుంది, పూటకు లీటరు పెరుగుతుంది" అనేసరికి ఆశపడ్డాను. కిలో 400 చొప్పున ఆరు ప్యాకెట్లు, 2,400 రూపాయలు. గేదెకు రోజుకు 50 గ్రాములు వేడి కుడితిలో కలపమన్నాడు. దాంతోపాటు పత్తిచెక్క పూటకు అరకిలో పెంచమన్నాడు.

వారంలో పాలు పెరిగాయి, నిజమే. కానీ అనుమానం వచ్చి ఒక గేదెకు పొడి ఆపి చెక్క అలాగే ఉంచాను. పాలు తగ్గలేదు. ఇంకోదానికి పొడి ఉంచి చెక్క తగ్గించాను. నాలుగు రోజుల్లో పాత లెక్కకే దిగింది. పెరిగినదంతా నేను విడిగా డబ్బు పెట్టి కొన్న చెక్క వల్లే.

ఖాళీ ప్యాకెట్ తడిసి ఆకుపచ్చ స్టిక్కర్ అంచు లేచింది. గోటితో లాగితే కింద కోడి బొమ్మ! ఫైటేజ్, ప్రోటియేజ్ అనే ఎంజైముల పేర్లు, కోళ్ల దాణాకు మాత్రమే అని ఉంది. పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరుగారు తల పట్టుకున్నారు. ఫైటేజ్‌ను గేదె పెద్దపొట్టలోని సూక్ష్మజీవులే తయారు చేసుకుంటాయట. పైగా ఎంజైమ్ అంటే మాంసకృత్తే కదా, మరిగే కుడితిలో వేస్తే గుడ్డు తెల్లసొనలా ఉడికిపోతుంది.

ఎంజైములన్నీ దొంగవని నేననను. పీచును విడగొట్టే సెల్యులేజ్, జైలనేజ్ పశువుల కోసం కూడా తయారవుతాయి. వాటినీ చల్లటి నీళ్లలో కలిపి మేత మీద చల్లి, కాసేపు నాననిచ్చి పెట్టాలి. అయినా ఫలితం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. వరిగడ్డిని గట్టిగా ఉంచే లిగ్నిన్ అనే పదార్థాన్ని మాత్రం అవి కూడా కదిలించలేవు. కొనేవాళ్లు ప్యాకెట్ మీద ఎంజైమ్ పేరు, గ్రాముకు ఎన్ని యూనిట్లు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్నాయో చూడండి. నా ప్యాకెట్‌కు అంటించిన ఆకుపచ్చ స్టిక్కర్ మీద 'శక్తివంతమైన ఫార్ములా' అన్న మాట తప్ప ఇవేవీ లేవు.

వరిగడ్డే దిక్కైన నాలాంటి వాళ్లకు డాక్టరుగారు చెప్పింది యూరియా మాగుడు. 100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియా, 50 లీటర్ల నీళ్లు. పొరలు పొరలుగా చల్లి, తొక్కి, గాలి పోకుండా 21 రోజులు కప్పాలి. తీశాక ఘాటు పోయేదాకా ఆరబెట్టి పెట్టాలి. ఆరు నెలల లోపు దూడలకు వద్దు. యూరియా నీళ్లు పశువు నోటికి అందితే ప్రాణం పోతుంది, బకెట్లు వదిలేయకండి. గడ్డివాము పక్కన మొన్నే మొదటి విడత కప్పాను.

ఆ మనిషి ఫోను ఎత్తడం లేదు. ఈ వారం పక్క ఊళ్లో కనిపించాడని మా బావ చెప్పాడు. మీ ఇంటికొస్తే డబ్బులివ్వకముందే ఆ ఆకుపచ్చ స్టిక్కర్ గీకి చూడండి.