టీసీఎస్ దారి, జోహో దారి

సాఫ్ట్‌వేర్ వ్యాపారానికి రెండు దారులున్నాయి. 1968లో మొదలైన టీసీఎస్ (టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్)ది సర్వీసుల దారి. క్లయింటు చెప్పిన పని చేసిపెట్టి గంటల లెక్కనో, ప్రాజెక్టు లెక్కనో బిల్లు వేయడం. రాబడి తొందరగానే మొదలవుతుంది. కిటుకంతా పిరమిడ్‌లో ఉంది: కింద తక్కువ జీతాల ఫ్రెషర్లు ఎక్కువ, పైన సీనియర్లు తక్కువ. బెంచ్ మీద, అంటే ప్రాజెక్టు లేకుండా జీతం తీసుకునే జనం పెరిగితే మార్జిన్ కరిగిపోతుంది. ముందే ధర ఖాయం చేసుకున్న ఫిక్స్‌డ్ ప్రైస్ కాంట్రాక్టులో అయితే "ఈ ఒక్క రిపోర్టు కూడా చేర్చండి" అనే మాటే లాభాన్ని తినేస్తుంది. ప్రతి మార్పుకూ చేంజ్ రిక్వెస్ట్ (అదనపు పనికి ఒప్పంద పత్రం) మీద క్లయింటు సంతకం తీసుకోని మేనేజర్ మునిగినట్టే. 2025 సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్‌1బీ (ఉద్యోగ వీసా) దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు పెట్టాక ఆన్‌సైట్ లెక్కలూ, అంటే క్లయింటు దేశానికి మనుషుల్ని పంపే లెక్కలూ తారుమారయ్యాయి. అయితే అసలు గండి ఏఐదే: నాలుగు గంటల పని గంటలో అయిపోతే గంటల బిల్లుకు మిగిలేదేముంది?

1996లో అడ్వెంట్‌నెట్‌గా పుట్టిన జోహోది ప్రొడక్టుల దారి. ఒకే కోడు, లక్షల చందాదారులు. బయటి ఇన్వెస్టర్లు లేరు కాబట్టి మూడు నెలలకోసారి జవాబు చెప్పే బెడదా లేదు. తమిళనాడులోని తెన్‌కాశి లాంటి చిన్న చోట ఆఫీసు పెడితే ఖర్చూ తగ్గుతుంది. కానీ అమ్మకం మొదలయ్యేదాకా జీతాలు సొంత జేబులోంచే. ఆ తర్వాత సపోర్టు, సర్వర్ల ఖర్చు ఆగదు. చందా రెన్యువల్ చేయనివాళ్లు పెరిగితే కొత్త అమ్మకాలన్నీ ఆ చిల్లు పూడ్చడానికే సరి.

కొత్తగా కంపెనీ పెట్టేవాళ్ల చేతిలో డబ్బు తక్కువుంటే సర్వీసులే నయం. కాకపోతే క్లయింటు కోసం రాసిన కోడు మీద హక్కులు సాధారణంగా క్లయింటువే, రేపు దాన్నే ప్రొడక్టుగా అమ్ముకుందామంటే కుదరదు.