మా ట్రక్కు లిమిటెడ్ స్లిప్ ఇరుసు: 11 చలికాలాల తర్వాత

మిషిగన్‌లో టూ వీల్ డ్రైవ్ (ఇంజిన్ బలం వెనక టైర్లకే వెళ్లే) పికప్ కొనేవాళ్లు ఎవరడిగినా లిమిటెడ్ స్లిప్ (ఒక వెనక టైరు జారితే రెండోదానికీ బలం పంపే ఇరుసు) ఉన్నదే తీసుకోండి అని చెప్తూ వచ్చాను. ఆ మాట వెనక్కి తీసుకోను గానీ, దానికి ఇంకో ముక్క కలపాలి.

మా డ్రైవ్‌వే ఏటవాలు, సగం మీద ఎండే పడదు. ఎడమ టైరు ఐసు మీద, కుడి టైరు కాంక్రీటు మీద ఉంటాయి. మామూలు డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలో రెండు టైర్లకి బలం పంచే గేర్ల పెట్టె) అయితే ఐసు మీది టైరు ఒక్కటే గిర్రున తిరుగుతూ బండి అక్కడే ఉండిపోతుంది. ఇందులో లోపలి క్లచ్ ప్లేట్లు బిగిసి రెండో టైరుకీ బలం అందిస్తాయి, చిన్న కుదుపుతో బయటికి వచ్చేస్తుంది. ఈ ఒక్క సుఖానికే నేను దాన్ని అంత మెచ్చుకున్నది.

నాలుగేళ్ల కిందట జనవరిలో డెక్స్టర్ వైపు పల్లె రోడ్డు మీద వస్తున్నా. అంతకుముందే గడ్డకట్టే వాన పడింది, రోడ్డు తడిగా ఉందనుకున్నానే తప్ప అదంతా ఐసని తెలియలేదు. స్పీడు 25 మైళ్లు కూడా లేదు. చిన్న ఎత్తు దగ్గర యాక్సిలరేటర్ కాస్త నొక్కాను, ఇంజిన్ మోత పెరిగింది, బండి మాత్రం ముందుకి పోకుండా వెనక భాగం కుడివైపుకి జారడం మొదలుపెట్టింది. ఆ రోడ్డు మధ్యలో ఎత్తుగా, అంచులకి వాలుగా ఉంటుంది, ఆ వాలు వెంటే కాలువ వైపు పోతోంది. కాలు తీసేసి, స్టీరింగ్ జారే వైపుకే తిప్పి పట్టుకున్నా. వెనక టైరు గడ్డిలో దిగబడి ఆగింది. కాలువ అక్కడికి రెండడుగులు. చేతుల వణుకు తగ్గేదాకా అక్కడే కూర్చున్నాను.

తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. ఒక్క టైరే గిర్రున తిరిగితే, అలా తిరగని రెండో టైరు బండి వెనక భాగం పక్కకి పోకుండా పట్టి ఉంచుతుంది. రెండూ కలిసి తిరిగాయా, ఇక పట్టుకునేది ఏదీ ఉండదు. డ్రైవ్‌వేలో నన్ను గట్టెక్కించే గుణమే రోడ్డంతా ఐసైనప్పుడు పక్కకి లాగుతుంది.

ఇప్పుడు నవంబరు రాగానే స్నో టైర్లు, వెనక టైర్ల మీద బరువు పడేందుకు సరిగ్గా ఇరుసు మీదికి వచ్చేలా 60 పౌండ్ల ఇసుక బస్తాలు అయిదు. గేర్ ఆయిల్ మార్చినప్పుడు ఫ్రిక్షన్ మాడిఫయర్ (ఆ క్లచ్ ప్లేట్లు పట్టేయకుండా ఆయిల్‌లో కలిపే ద్రవం) పోయించడం కూడా మర్చిపోను, లేకపోతే పార్కింగ్‌లో తిప్పినప్పుడల్లా వెనక కటకటమంటుంది.

నాది 2006 మోడల్, ఈఎస్సీ (బండి జారితే తనంతట తానే బ్రేకులు వేసి సరిచేసే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్) లేదు. అమెరికాలో 2012 మోడల్ నుంచి అది తప్పనిసరి, మీ బండిలో ఉంటే జారడం మొదలవగానే చాలావరకు అదే సర్దుతుంది, అప్పుడు నా భయం మీకు అంతగా వర్తించకపోవచ్చు. నేనైతే కొత్త మంచు పడిన రోజు ధైర్యంగా తీస్తాను. గడ్డకట్టే వాన అని ఫోన్‌లో కనబడితే మాత్రం ఆ రోజు మా ఆవిడ కారే.