టేకు తలుపులకు ప్లగ్గు స్ప్రే గన్: కొన్నేళ్లు వాడాక

కంప్రెసర్ లేకుండా నేరుగా ప్లగ్గులో పెట్టి కొట్టుకునే హెచ్‌వీఎల్‌పీ (ఎక్కువ గాలిని తక్కువ ఒత్తిడితో ఊదే) స్ప్రే గన్ ఒకటి మా షెడ్డులో కొన్నేళ్లుగా నడుస్తోంది. మూడు నాలుగు వేల రూపాయల రకం. 800 మిల్లీలీటర్ల డబ్బా, 1.8, 2.6 మిల్లీమీటర్ల నాజిళ్లు దాంతోనే వచ్చాయి. టేకు తలుపులు, మంచాల తలాపులు, వార్డ్‌రోబ్ షట్టర్లు అన్నిటికీ ఇదే. మెషీన్ మంచిదేనా అంటే, ఆ ధరకు మంచిదే. అందులో ఏం పోస్తున్నాం, ఎంత పల్చగా పోస్తున్నాం అన్నదాని మీదే మిగతాదంతా ఉంది.

ముందు పోయకూడనివి చెబుతాను. మన పాలిష్ మేస్త్రుల చేతిలో ఎప్పుడూ ఉండేవి ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) రకం సాండింగ్ సీలర్ (పాలిష్ కింద వేసే అడుగు పూత), లాకర్, మెలమైన్. వాటిలో కలిపే థిన్నర్ ఆవిరి చిన్న రవ్వ తగిలినా అంటుకుంటుంది. ఈ గన్నులో మోటారు మన పిడికిలి వెనకాలే ఉంటుంది, కార్బన్ బ్రష్‌ల దగ్గర రవ్వలు రేగుతూనే ఉంటాయి. పోసేదాని ఫ్లాష్ పాయింట్ (ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే వేడి) ఎంతకు తగ్గకూడదో మాన్యువల్లో ఉంటుంది, కొనేముందే చూడండి. షాపులో మాత్రం "ఏదైనా కొట్టుకోవచ్చు సార్" అంటారు. ఎన్‌సీ, మెలమైన్ కొట్టాలంటే కంప్రెసర్‌ను దూరంగా పెట్టి, పైపు లాక్కుని, 1.3 లేదా 1.4 నాజిల్ ఉన్న మామూలు గన్ను వాడాల్సిందే. నేను దీంట్లో నీళ్లతో కలిపే పీయూ (పాలీయురేథేన్ పాలిష్) తప్ప ఇంకేదీ పోయను.

నీళ్ల పీయూకి చెక్కను సిద్ధం చేసే పద్ధతి కాస్త వేరు. తడి తగలగానే పీచు లేస్తుంది. అందుకే తడిగుడ్డతో ఒకసారి తుడిచి, ఆరాక 320 నంబరు కాగితంతో తేలిగ్గా రుద్దేస్తాను. టేకులో నూనె ఉంటుంది కాబట్టి అంతకుముందే థిన్నర్ గుడ్డతో ఒక చుట్టు తుడుస్తాను. ఆ గుడ్డ పూర్తిగా ఆరి, వాసన పోయేదాకా గన్ను ప్లగ్గులో పెట్టను.

ఇక పల్చదనం. గన్నుతోపాటు అడుగున చిల్లున్న చిన్న ప్లాస్టిక్ కప్పు ఇస్తారు. చాలామంది దాన్ని పక్కన పడేస్తారు, కానీ పెట్టెలో అన్నిటికన్నా విలువైనది అదే. పీయూలో ముంచి పైకెత్తి, ధార తెగేదాకా సెకన్లు లెక్కపెట్టాలి. నా కప్పుతో, 1.8 నాజిల్‌కి, ఇరవై అయిదు సెకన్ల దగ్గర బాగా కుదురుతుంది. చిక్కగా ఉంటే పైపొర కమలా తొక్కలా గుంటలు గుంటలుగా ఆరుతుంది, మరీ పల్చనైతే నిలువు తలుపు మీద కారిపోతుంది. నీళ్లు ఎంతదాకా కలపొచ్చో పీయూ డబ్బా మీద రాసిన హద్దు దాటకండి. పాత నైలాన్ సాక్సులో వడకట్టి పోస్తే నాజిల్ అడ్డుపడదు.

కొట్టేటప్పుడు ఒకటి గమనించండి. గాలి క్యాప్ చెవులు అడ్డంగా ఉంటే స్ప్రే నిలువు పట్టీగా వస్తుంది, నిలువుగా ఉంటే అడ్డంగా వస్తుంది. ఎడమ నుంచి కుడికి కొట్టాలంటే నిలువు పట్టీ కావాలి. జానెడు దూరం, మణికట్టు తిప్పకుండా మొత్తం చేయి కదపడం, ముందు పట్టీని సగం కప్పుతూ పోవడం, చెక్క అంచు రాకముందే ట్రిగ్గర్ నొక్కడం. వీటికి పాత అట్టపెట్టెల మీద సాధన చాలు. ప్యానెల్ తలుపుకి మాత్రం ముందు మూలలు, మోల్డింగు, ఆ తర్వాతే మధ్యలోని చదును భాగం.

ఎండాకాలంలో ఇబ్బంది పెడుతుంది. మోటారు ఊదే గాలి అసలే వెచ్చన, పైన నలభై డిగ్రీల ఎండ. పీయూ పరుచుకునేలోపే ఆరిపోయి గరుకు తేలుతుంది. అందుకే తెల్లవారుజామునే పని ముగిస్తాను. వానల్లో రెండు పూతల మధ్య ఎడం పెంచక తప్పదు.

తక్కువ ఒత్తిడి గాలి కాబట్టి తుంపర దుమారం తక్కువన్నది నిజమే, కానీ అసలు లేకుండా పోదు. ఎన్95 మాస్కు తుంపరను ఆపుతుంది కానీ ఆవిరిని ఆపదు. ఆవిరిని పట్టే ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు కొనుక్కోండి. హార్డెనర్ కలిపే టూ-ప్యాక్ పీయూ పొగమంచుగా గాల్లో లేస్తే ఊపిరితిత్తులకు మరీ చెడ్డది. దాని జోలికి నేను పోలేదు.

కొన్నాళ్లకు గన్ను దగ్గుతున్నట్టు ఆగి ఆగి కొట్టడం మొదలుపెడితే మోటారు పోయిందనుకోకండి. డబ్బా మూత పక్కన ఒక సన్నని పారదర్శక గొట్టం, అందులో వేలిగోరంత రబ్బరు వాల్వు ఉంటాయి. డబ్బాలోకి గాలి ఒత్తిడి వెళ్లేది అక్కణ్ణుంచే. గన్ను పక్కకు వాలినప్పుడు పీయూ అందులోకి పాకి ఎండిపోతుంది. గొట్టం ఊడదీసి, వాల్వును గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టి తుడిచి పెడితే మళ్లీ మామూలే. ఆ రబ్బరు ముక్క ఎప్పటికైనా చిరుగుతుంది. విడిభాగంగా దొరికే మోడలేనా అని కొనేముందే అడగండి, కొన్నిటికి దొరకదు.