మేడ లేని ఇంట్లో వరుగులు: ఐదు ట్రేల డీహైడ్రేటర్‌తో ఏడాది అనుభవం

విశాఖపట్నంలో సముద్రానికి దగ్గరగా ఉన్న అపార్టుమెంటులో మూడో అంతస్తున కాపురం ఉండేవారికి కూరగాయలు ఎండబెట్టుకోవడం తేలికైన పని కాదు. మేడ మీద నీళ్ల ట్యాంకులు, డిష్ యాంటెనాలు, అందరి బట్టలు ఆరేసే తాళ్లు పోగా మిగిలిన కాస్త జాగాను పావురాలు ఆక్రమించుకున్నాయి. మధ్యాహ్నానికి గలగలలాడిన కాకరకాయ వరుగులు సాయంత్రపు సముద్రపు గాలికి మళ్లీ చెమ్మ పట్టి మెత్తబడతాయి. వానాకాలం సంగతి చెప్పనే అక్కర్లేదు. ఈ విసుగుతోనే గత ఏడాది జూన్‌లో 5,800 రూపాయలు పెట్టి విద్యుత్తుతో పనిచేసే డీహైడ్రేటర్‌ను కొన్నాను. దాని లోపాల గురించి కూడా వివరంగా రాయబోతున్నాను కనుక కంపెనీ పేరు ప్రస్తావించడం లేదు. గుండ్రని ప్లాస్టిక్ ట్రేలను ఒకదానిపై ఒకటి పేర్చి, అడుగున ఫ్యాను అమర్చిన ఈ నమూనా రకరకాల పేర్లతో దొరుకుతోంది. నా అభిప్రాయాలు చాలావరకు వాటన్నింటికీ వర్తిస్తాయి.

యంత్రం నిర్మాణం చాలా సాదా. అడుగు భాగంలో 350 వాట్ల హీటింగ్ కాయిల్, దాని పక్కన చిన్న ఫ్యాను, పైన జల్లెడ వంటి ఐదు ట్రేలు, మూత. ఉష్ణోగ్రతను 35 నుంచి 70 డిగ్రీల సెల్సియస్ వరకు మార్చుకోవడానికి ఒక మర ఉంది. మొదట్లో నేను కూడా వేడే ఎండబెడుతుందని భావించి మరను చివరి దాకా తిప్పేశాను, కానీ అసలు పని చేసేది పొడిగాలి. 30 డిగ్రీల వద్ద 80 శాతం తేమతో ఉన్న మా ఊరి వానాకాలపు గాలిని 57 డిగ్రీలకు వేడిచేస్తే, అందులోని నీటి ఆవిరి పరిమాణం మారకపోయినా, సాపేక్ష తేమ సుమారు 20 శాతానికి పడిపోతుంది. అటువంటి గాలి ముక్కల మీదుగా నిరంతరం కదులుతూ ఉంటే వాటిలోని నీటిని పీల్చుకుని బయటకు పోతుంది. రోహిణి కార్తె ఎండల్లో వేడిగాలి చేసే పని కూడా ఇదే.

ఈ నమూనాలోని పెద్ద లోపం కూడా గాలిలోనే ఉంది. గాలి కింది నుంచి పైకి పోవడం వల్ల అడుగు ట్రేకు తగిలేటప్పుడు వేడిగా, పొడిగా ఉంటుంది. పై ట్రేకు చేరేసరికి చల్లబడి, కింది ముక్కల తడిని మోసుకుని వస్తుంది. మరను 57 వద్ద ఉంచి, వంటింటి థర్మామీటరుతో కొలిస్తే అడుగు ట్రేలో 63, పై ట్రేలో 49 డిగ్రీలు కనిపించాయి. కనుక రెండు గంటలకొకసారి ట్రేల వరుసను మార్చవలసి వస్తుంది. పెట్టి మరిచిపోవచ్చునన్న ప్రకటనను నమ్మి, మొదటి రాత్రి యంత్రాన్ని వదిలేసి నిద్రపోతే, తెల్లవారేసరికి అడుగున మాడిన టమాటా రేకులు, పైన పులిసిన వాసన వేస్తున్న పచ్చి ముక్కలు మిగిలాయి. ఫ్యాను వెనుక గోడకు ఉండి గాలి అడ్డంగా వీచే పెట్టె నమూనాలలో ఈ తేడా బాగా తక్కువ, కాని వాటి ధర నేను చూసినంతలో దీనికి రెట్టింపు పైమాటే. ఈ యంత్రంలో టైమర్ కూడా లేదు. ఫ్యాను చప్పుడు పడకగదిలోకి వినిపించనంత చిన్నదేమీ కాదు.

టమాటా గురించి కొంచెం విస్తరించి చెప్పాలి, ఎందుకంటే ఈ యంత్రాన్ని కొనడానికి అసలు ప్రేరణ అదే. 2023 జూలైలో కిలో టమాటా ధర 100 రూపాయలు దాటి గృహిణులందరినీ హడలెత్తించింది. అదే టమాటా కొన్ని నెలల తేడాతో రైతుబజారులో అడిగేవారు లేక గంపల్లో మగ్గిపోవడం కూడా మనం చూసినదే. చవకగా దొరికినప్పుడు ఎండబెట్టుకుంటే మంచిదన్నది తెలంగాణ ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్న ఆలోచన. టమాటా ఒరుగులు అక్కడ వేసవిలో మామూలు దృశ్యం. నేను గట్టి కాయలను ఎంచుకుని, అర సెంటీమీటరు మందాన చక్రాలుగా తరిగి, 57 డిగ్రీల వద్ద పెడుతున్నాను. ఒక దఫాకు రెండు కిలోలు పడతాయి, 12 నుంచి 14 గంటలు పడుతుంది. టమాటాలో 94 శాతం దాకా నీరే ఉండడం వల్ల చేతికి వచ్చేది 130 గ్రాములకు మించదు. రెండు కిలోల పండ్లు ఒక చిన్న గాజు సీసాలో ఒదిగిపోవడం చూస్తే మొదటిసారి కొంత నిరాశ కలుగుతుంది.

దీని ఖర్చు లెక్క కూడా చూడవలసినదే. 14 గంటలకు దాదాపు 5 యూనిట్లు కాలుతాయి. యూనిట్‌కు 6 రూపాయల చొప్పున 30 రూపాయలు. ఆ టమాటాలను నేను కిలో 12 రూపాయలకు కొన్నాను. అంటే పండ్ల కంటే వాటిని ఎండబెట్టడానికే ఎక్కువ ఖర్చయింది. కిలో 60 రూపాయలు పలికినప్పుడు ఈ రేకులను పప్పులో, రసంలో వాడుకుంటే లాభమే గాని, ఆదా అనే మాటతో ఈ యంత్రాన్ని సమర్థించడం నిజాయితీ అనిపించుకోదు. రుచి విషయంలో మాత్రం నాకు ఫిర్యాదు లేదు; పులుపు చిక్కబడి, రెండు మూడు రేకులకే చారు నిండుగా ఉంటుంది.

గోరుచిక్కుడు, వంకాయ, బెండ, కాకర వంటి కూరగాయలకు యంత్రం పాస్ మార్కులు తెచ్చుకుంది, అంతకు మించి కాదు. గోరుచిక్కుడును ఉప్పు వేసిన నీళ్లలో కొద్దిగా ఉడికించి ఆరబెట్టే పాత పద్ధతి వెనుక మంచి కారణం ఉంది: వేడినీరు కాయలోని ఎంజైముల పనిని ఆపేస్తుంది, అందువల్ల నిల్వలో రంగు, వాసన చెడవు. యంత్రం కొన్నాం కదా అని ఆ మెట్టును దాటవేయకూడదు. క్యారెట్‌ను పచ్చిగా ఎండబెట్టి చూశాను. రెండు నెలలకే రంగు వెలిసిపోయి, ఎండుగడ్డి రుచి వచ్చింది. వరుగులను నూనెలో వేయించి మా అత్తగారికి వడ్డిస్తే, కరకరలాడుతున్నాయని ఒప్పుకుంటూనే వీటికి ఎండ వాసన లేదని తేల్చేశారు. ఎండ వాసన అంటే ఏమిటో నేను వివరించలేను గాని, ఆవిడ మాట తప్పని కూడా అనలేను. ఉల్లిపాయను మాత్రం కిటికీలు తెరవకుండా ఎండబెట్టే సాహసం ఎవరూ చేయవద్దు. ఆ ఘాటు మా మెట్ల దారి దాకా పాకింది. ఎండు ఉల్లికి పేరున్న గుజరాత్‌లోని మహువా సరుకును కొట్టులో కొనుక్కోవడమే సుఖం.

ఆకుల దగ్గరికి వచ్చేసరికి ఈ యంత్రం తన ధరకు పూర్తి న్యాయం చేసింది. కరివేపాకు, పుదీనా, మునగాకు, మెంతికూరలను 35 నుంచి 40 డిగ్రీల వద్ద పెడితే నాలుగైదు గంటలలో పచ్చదనం చెడకుండా పెళుసుగా ఎండుతాయి. ఎక్కువ వేడి పెడితే ఆకులోని సుగంధ తైలాలు ఆవిరైపోతాయి. అప్పుడు ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది, సీసాలో మాత్రం గడ్డి మిగులుతుంది. ఎండలో వేస్తే వెలుతురుకు ఆకు రంగు పోతుంది, నీడలో వేస్తే మా ఊరి తేమకు నల్లబడుతుంది. కనుక ఇక్కడ పాత పద్ధతి కంటే యంత్రమే స్పష్టంగా మెరుగు. గోంగూర పులుపు ఏమాత్రం తగ్గలేదు. ఎండిన ఆకులు గాలికి ఎగిరి అడుగు ఫ్యానులో పడకుండా పైన ఒక వల పరచడం మరవకూడదు. కరివేపాకు పొడికి, మునగాకు పొడికి ఇక ఈ ఇంట్లో వేరే మార్గం వెతికే అవసరం లేదు.

పండ్లలో మామిడి, అనాస, అరటి, సపోటా ప్రయత్నించాను. అనాస అన్నింటికంటే బాగా వచ్చింది. అరటి చక్రాలకు నిమ్మరసం పట్టించకపోతే నల్లబడతాయి. ఇక్కడ తొందరపాటు పెద్ద శత్రువు: త్వరగా అవుతుందని సపోటా ముక్కలను 70 డిగ్రీల వద్ద పెట్టినప్పుడు పైపొర బిరుసెక్కి లోపలి తడి బయటకు రాలేక చిక్కుకుపోయింది. చేతికి ఎండినట్లే తగిలిన ఆ ముక్కలు పది రోజులకు సీసాలో బూజు పట్టాయి. అప్పటి నుంచి ఒక నియమం పాటిస్తున్నాను. ఎండిన పండ్ల ముక్కలను చల్లార్చి, సీసాలో మూడింట రెండు వంతులు మాత్రమే నింపి, వారం రోజులపాటు రోజుకొకసారి కుదుపుతాను. ఈ లోపు ఎక్కువ ఎండిన ముక్కలు, తక్కువ ఎండిన ముక్కలు తేమను పంచుకుని ఒక్క తీరుకు వస్తాయి. సీసా గోడకు చెమట పట్టినట్లు కనిపిస్తే అన్నింటినీ మళ్లీ ట్రేలలోకి చేర్చాలి. యంత్రంతో వచ్చిన పుస్తకంలో దీని గురించి ఒక్క వాక్యమైనా లేదు.

సువర్ణరేఖ మామిడి గుజ్జుతో తాండ్ర కూడా వేశాను. యంత్రంతో ఇచ్చిన ప్లాస్టిక్ పళ్లెంలో పలుచగా పరిస్తే ఎనిమిది గంటలలో ఒక పొర ఆరి, చుట్టగా చుట్టడానికి వచ్చింది. రుచి మంచిదే. అయితే గోదావరి జిల్లాలలో చాపల మీద రోజుల తరబడి పొరపై పొర పోసి, మండే ఎండలో ఆరబెట్టిన తాండ్రకు ఉండే మందం, ముదురు రంగు, కొరికితే సాగే గుణం దీనికి రాలేదు. పిల్లల డబ్బాలో పెట్టే తినుబండారంగా దీన్ని మెచ్చుకోవచ్చు. తాండ్ర అని పిలవడానికి నాకు మనసొప్పలేదు.

ఎనిమిదో నెలలో ఒక ట్రే అంచు పగిలింది. కంపెనీ సేవా కేంద్రానికి నాలుగుసార్లు ఫోను చేసిన తరువాత, ట్రే విడిగా అమ్మమని, ఐదింటి జత కొనుక్కోవాలని చెప్పారు. ఆ జత ధర యంత్రం ధరలో సగానికి దగ్గరగా ఉంది. నాలుగు ట్రేలతోనే నెట్టుకొస్తున్నాను. కొనేవారు విడి భాగాల సంగతిని ముందే అడిగి తెలుసుకోవాలి. వీలైతే ప్లాస్టిక్ కంటే ఉక్కు ట్రేలున్న రకాన్ని ఎంచుకోవాలి.

మేడ, ఎండ రెండూ ఉన్నవారికి ఈ యంత్రం అవసరం లేదని నా అభిప్రాయం. మాలాంటి వారికి కూడా ఊరబెట్టే పదార్థాలకు ఇది పనికిరాదు. చల్ల మిరపకాయలను రాత్రి మజ్జిగలో నానబెట్టి, పగలు ఆరబెట్టి, మళ్లీ నానబెట్టే పద్ధతిని దీనిలో ప్రయత్నించినప్పుడు ఉప్పటి మజ్జిగ చుక్కలు చుక్కలుగా జారి అడుగున ఉన్న ఫ్యాను మీద పడ్డాయి. ప్లగ్గు పీకి, అడుగు భాగాన్ని విప్పి తుడవడానికి ఒక పూట పట్టింది. ఉప్పు తగిలిన లోహం ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పనవసరం లేదు. మాగాయకైతే ముక్కలతో పాటు ఊటను కూడా ఎండలో పెట్టాలి. ఊటను పెట్టడానికి ఈ ట్రేలలో చోటెక్కడిది? అందుకే ఈ వేసవిలో 40 మామిడికాయలను బస్తాలో వేసుకుని, మా అత్తగారి ఊరైన నరసన్నపేటకు వెళ్లి, ఆవిడ మేడ మీదనే మాగాయ పెట్టుకుని వచ్చాము.