కడప స్టూడియోల వారికి: ఆ ఆరున్నర వేల పెట్టె కొనకండి

మాది ఏడు రోడ్ల కూడలి దగ్గర చిన్న ఫోటో స్టూడియో. పోయిన పెళ్ళిళ్ళ సీజనుకు ముందు ఒక కంప్యూటర్ దుకాణంలో ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ అంటూ తళతళలాడే అట్టపెట్టె ఒకటి అంటగట్టారు. వెల 6,500 రూపాయలు. ఒక్క కంప్యూటర్‌లోనే పనిచేస్తుందట. పైగా ఏటా 2,400 కట్టాలట.

ఆల్బం పేజీ సేవ్ చేసిన ప్రతిసారీ ఫైలు పేరు చివర ఎక్స్‌సీఎఫ్ అని పడేది. ఏ ఫోటో తెరవకపోతే ఖాళీ తెర మీద ఒక జంతువు ముఖం మసకగా కనిపించేది. ప్రొద్దుటూరులో స్టూడియో నడిపే మా బావమరిది అది చూసి ఒకటే నవ్వు. "బావా, ఇది గింప్! నేను ఊరికే దించుకున్నాను" అన్నాడు. నా ఫైలు అతని కంప్యూటర్‌లో పొరలతో సహా తెరుచుకుంది. ఫోటోలు దిద్దే ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ గింప్‌ను 1995లో మొదలుపెట్టింది అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో చదివే ఇద్దరు విద్యార్థులు. ఎక్స్‌సీఎఫ్ వాళ్ళ విద్యార్థి సంఘం పేరులోని అక్షరాలే. పెట్టె తయారుచేసినవాడు పేరు చెరిపాడు గాని తోక దాచడం మరిచాడు.

అమ్మడం తప్పని నేను అనను. గింప్‌కున్న, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అనే జీపీఎల్ లైసెన్సు ప్రకారం కాపీని ఎంతకైనా అమ్ముకోవచ్చు. కాని లైసెన్సు ప్రతి ఇవ్వాలి, సోర్స్ కోడ్ (ప్రోగ్రాము రాసిన అసలు పాఠం) ఇవ్వాలి లేదా అది దొరికే దారి చూపాలి, కొన్నవాడు మరొకరికి పంచుకోకుండా అడ్డుపడకూడదు. నా పెట్టెలో ఇవేవీ లేవు. "కాపీ చేస్తే శిక్షార్హులు" అనే స్టిక్కరు మాత్రం ఉంది!

నన్ను భయపెట్టింది డబ్బు కాదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు యాంటీవైరస్ ఆపించారు. ఏటా కీ (డబ్బు కడితే ఇచ్చే రహస్య కోడ్) అడిగే ఆ ప్రోగ్రాము గింప్‌ది కాదు, ఎవరు రాశారో, ఏం చేస్తోందో. అదే కంప్యూటర్‌లో జనం ఆధార్ కాపీలు, పెళ్ళి ఫోటోలు ఉన్నాయి. పైగా లోపల ఉన్నది పాత గింప్, 2018 నాటి 2.10 వరస. దాని తర్వాతి 3.0 వచ్చింది 2025 మార్చిలోనే.

దుకాణంవాళ్ళను అడిగితే "పని నేర్పినందుకు తీసుకున్నాం" అన్నారు. ఆ మాట ముందే చెప్పి ఉంటే రెండు వేలు సంతోషంగా ఇచ్చేవాణ్ణి. చేతిరాత చీటీ తప్ప బిల్లు ఇవ్వలేదు, నేనూ అడగలేదు. అది నా తప్పే. అయినా వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను.

గింప్ కావలసినవారు దాని అధికారిక సైటు నుంచే దించుకోండి. పెట్టె, చీటీ నా దగ్గరే ఉన్నాయి. ఇలాంటిదే కొన్నవారు తెచ్చి పోల్చి చూసుకోవచ్చు, సాయంత్రం ఆరు దాటాక ఖాళీగానే ఉంటాను.