నిన్నటి భోజనమా, నెల అలవాటా: తిండిని లెక్కగట్టడానికి ఏ పద్ధతి మేలు?

మనుషులు ఏం తింటున్నారో తెలుసుకోవడానికి ప్రధానంగా మూడు మార్గాలు వాడుకలో ఉన్నాయి. గడిచిన రోజంతా తిన్నవి, తాగినవి వరుసగా అడిగి రాసుకోవడం మొదటిది. దీన్ని 24 గంటల రీకాల్ అంటారు. ఒక జాబితా దగ్గర పెట్టుకుని, అందులోని ప్రతి పదార్థాన్నీ రోజుకో వారానికో నెలకో ఎన్నిసార్లు తింటారని అడిగే ఆహార పౌనఃపున్య ప్రశ్నావళి రెండోది. ఇంట్లోనే ఉండి, గిన్నెలో పడే దినుసులనూ కంచంలో పడే వంటకాలనూ తూచడం మూడోది. మన ఇళ్లలో ఈ మూడింటిలో ఒక్కదాన్నే ఎంచుకోవలసి వస్తే నేను మొదటిదానికే ఓటు వేస్తాను, అయితే ఒక్క రోజు అడిగి వదిలేయకూడదన్న షరతుతో.

కచ్చితత్వంలో తూకం పద్ధతికి సాటి లేదు. కానీ కొత్త మనిషి త్రాసుతో వంటింట్లో కూర్చున్నాక ఆ ఇంట్లో వంట మామూలుగా సాగదు. పచ్చడి మెతుకులతో సరిపెట్టుకునే ఇల్లాలు ఆ రోజు రెండు కూరలు వండుతుంది, లేదా తూచే బాధ తప్పించుకోవడానికి ఒక్క పప్పుతో ముగిస్తుంది. ఖర్చు, సిబ్బంది, సమయం కూడా ఎక్కువే. అందువల్ల ఇది చిన్న పరిశోధనలకూ, మిగిలిన రెండు పద్ధతులు ఎంతవరకు సరైనవో చూసుకోవడానికీ పనికొస్తుంది.

24 గంటల రీకాల్‌కు మన దగ్గర మంచి వారసత్వం ఉంది. 1918లో కూనూరులో చిన్న ప్రయోగశాలగా మొదలై, 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ ఈ పద్ధతిని గ్రామీణ కుటుంబాలకు తగినట్టుగా మలిచింది. 1972లో ఏర్పడిన జాతీయ పోషకాహార పర్యవేక్షణ బ్యూరో సర్వేలలో కొలత కప్పుల సెట్టును వెంట తీసుకువెళ్లేవారు. ముందుగా వంట చేసిన మనిషిని పచ్చి దినుసులు ఎంతెంత వాడారో అడుగుతారు. తర్వాత వండినది మొత్తం ఎన్ని కప్పులయిందో, ఒక్కొక్కరు ఎన్ని కప్పులు తిన్నారో రాసుకుంటారు. ఉదాహరణకు, అర కిలో బియ్యం వండితే 10 కప్పుల అన్నం అయిందనీ, అందులో కోడలు 3 కప్పులు తిన్నదనీ తేలితే, ఆమెకు చేరినది 150 గ్రాముల బియ్యం. 2017 నాటి భారతీయ ఆహార కూర్పు పట్టికల ప్రకారం 100 గ్రాముల పాలిష్ బియ్యంలో సుమారు 356 కిలోక్యాలరీలు ఉంటాయి కాబట్టి, అన్నం నుంచి ఆమెకు అందిన శక్తి 530 కిలోక్యాలరీలకు కాస్త ఎక్కువని లెక్క కట్టవచ్చు. చదువుతో పనిలేకుండా, ఇంటి మనిషి వాడే మాటల్లోనే, అరగంటలో ఇంత సమాచారం రాబట్టే పద్ధతి మరొకటి లేదు.

ఈ పద్ధతి విలువంతా అడిగే తీరులో ఉంది. "అమ్మా, నిన్న ఏం తిన్నారు?" అని అడిగితే "అన్నం, పప్పు" అన్న సమాధానమే వస్తుంది. లేచిన దగ్గర నుంచి గంట గంటకూ చేసిన పనులను గుర్తుచేస్తూ పోతే, టీలో వేసుకున్న చక్కెర, బస్టాండులో తిన్న మిరపకాయ బజ్జీలు, పిల్లాడు కంచంలో వదిలేస్తే పారేయడం ఇష్టంలేక తాను తిన్న నాలుగు ముద్దలు బయటికి వస్తాయి. ఇంకొక సంగతి మన ఇళ్లకు సంబంధించినది: చివర తినే ఆడవారిని అత్తగారి ఎదుట, భర్త ఎదుట అడిగితే, తమ వంతు ఎంతో వారు నిజం చెప్పడం కష్టం. విడిగా అడగడం మర్యాద కోసం కాదు, లెక్క తప్పకుండా ఉండటం కోసం.

ఇక దీని లోపం, ఒక్క రోజు మనిషి అలవాటుకు అద్దం కాలేదు. నిన్న శనివారమై ఆ ఇంట ఒంటిపూట ఉండి ఉండవచ్చు. నిన్న ఆదివారమైతే కోడికూర ఉంటుంది. కార్తీక మాసంలో సర్వే చేస్తే మాంసం తినేవారే లేరనిపిస్తుంది, రంజాన్ నెలలో భోజనవేళలే మారిపోతాయి. వందలాది మంది సగటు కావాలంటే ఒక్క రోజు రీకాల్ సరిపోతుంది, ఎందుకంటే ఒకరి ఎక్కువ మరొకరి తక్కువతో సర్దుకుంటుంది. ఎదురుగా కూర్చున్న ఒక్క రోగికి సలహా ఇవ్వాలంటే మాత్రం పక్కపక్కన రాని రెండు మూడు రోజులు, వాటిలో ఒక సెలవు రోజు ఉండేట్టు, అడిగి తీరాలి. విటమిన్ ఎ వంటి పోషకాలకు అదీ చాలదు. మునగాకు వండిన రోజు కొండంత, వండని మర్నాడు దాదాపు శూన్యం.

ఈ లోటును తీర్చేది రెండో పద్ధతి. వేసవిలో మామిడిపళ్లు, ఏడాది పొడవునా ఆవకాయ, నెలకోసారి చేపలు, వారానికి రెండుసార్లు ఆకుకూర, ఇవన్నీ పౌనఃపున్య ప్రశ్నావళికి దొరుకుతాయి. ఎవరు ఎక్కువ తింటారు, ఎవరు తక్కువ తింటారు అని మనుషులను వరుసలో నిలబెట్టడానికీ, ఏళ్ల తరబడి అలవాట్లకూ గుండెజబ్బుకూ ఉన్న సంబంధం చూడటానికీ ఇదే తగినది. కానీ గ్రాముల లెక్కకు దీన్ని నమ్మలేము. పళ్లూ కూరగాయల పేర్లు జాబితాలో ఎన్ని ఎక్కువగా ఉంటే వాటి మొత్తం అంతగా ఉబ్బిపోతుంది. పైగా రాజ్మా, పనీర్ నిండిన ఉత్తరాది జాబితాను తెచ్చి జొన్నరొట్టె, గోంగూర, చింతపండు పులుసు తినేవారిని అడగడం కంటే అసలు అడగకపోవడమే నయం.

నూనె, ఉప్పు విషయంలో ఈ రెండూ తడబడతాయి. నూనెకు నెల సరుకుల చీటీ చూసి ఇంట్లో తలలతో భాగించడం కొంత మెరుగు. ఉప్పుకు నమ్మదగినది 24 గంటల మూత్రాన్ని సేకరించి అందులోని సోడియాన్ని కొలవడమే. పైగా ఊబకాయం ఉన్నవారు తిన్నదానికంటే తక్కువ చెప్పే ధోరణి మరింత ఎక్కువని, ఒంట్లో ఖర్చయ్యే శక్తిని ప్రత్యేకమైన నీటితో కొలిచే పరీక్షలు ఎప్పుడో తేల్చాయి.

తిండి లెక్క ఎంత జాగ్రత్తగా వేసినా శరీరాన్ని చూడక తప్పదు. ఇక్కడ పోటీ ఎత్తుతో పోల్చి బరువును చూపే బీఎంఐకీ నడుము టేపుకూ మధ్య. పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యూడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి కొలతలనే ప్రచురించారు: ఇద్దరి బీఎంఐ 22.3 కాగా, శరీరంలో కొవ్వు ఒకరికి 21.2 శాతం, మరొకరికి 9.1 శాతం. కొవ్వు ఎక్కువున్నది మనవారికే. అందుకే మన దగ్గర బీఎంఐ 23 దాటగానే అధిక బరువుగా చూస్తున్నారు. మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటిన నడుము అంతకంటే ముందే హెచ్చరిస్తుంది. పెద్దవారిలో ఒకే కొలత తీసుకునే వీలుంటే నేను నడుమునే కొలుస్తాను. ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో మాత్రం జబ్బ చుట్టుకొలత చూడాలి, అది 11.5 సెంటీమీటర్ల లోపుంటే తీవ్ర పోషణ లోపం.

రక్తహీనతకు వేలి నుంచి తీసిన చుక్క కంటే నరం నుంచి తీసిన రక్తం మేలు. 2015–16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వేలి చుక్కతో అయిదేళ్లలోపు పిల్లల్లో 58.6 శాతం మందికి రక్తహీనత ఉందన్నది. 2016–18లో నరం రక్తంతో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వే ఒకటి నుంచి నాలుగేళ్ల వారిలో 41 శాతమన్నది. వయసు పరిధులు కొంత వేరైనా, అంత తేడాకు అదొక్కటే కారణం కాజాలదు.

శారీరక శ్రమ దగ్గరికి వస్తే యంత్రమే మేలని తొందరపడి అనుకుంటాం. నడుముకు కట్టే పరికరం అడుగులను, కూర్చున్న వేళలను బాగానే పట్టుకుంటుంది. కానీ వంగి వరినాట్లు వేసే మనిషి, నెత్తిన గడ్డిమోపుతో నడిచే మనిషి పడే శ్రమ దానికి సగమే కనబడుతుంది. ఫోను బల్లమీద పెట్టి ఇల్లంతా తుడిచే ఆమె అడుగులు ఆ ఫోనుకు అసలే అందవు. శారీరక శ్రమను అడిగి తెలుసుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన 16 ప్రశ్నల జీప్యాక్ (GPAQ) ప్రశ్నావళి పనిని, రాకపోకలను, తీరిక వేళను విడివిడిగా అడుగుతుంది కాబట్టి పల్లెల్లో నేను దాన్నే ముందు పెడతాను. కుర్చీలో పనిచేసే నగరవాసులు తాము ఎంతసేపు కూర్చుంటున్నారో తక్కువగా చెబుతారు గనుక, వారి దగ్గర వారం రోజులు పరికరం కట్టించి, ప్రశ్నలను తర్వాత అడగడం మంచిది.